ఆదివారం కణాలు

నన్ను మోసం చెయ్యగల మనిషి ఇంకా పుట్టలేదు. మా ఆయన సాక్సు మంచం కింద ఎన్నాళ్లుగా మగ్గుతున్నాయో వాసన చూసి తారీఖుతో సహా చెప్పగలను. ఈ గొప్పంతా మొన్న సోమవారం పదకొండింటిదాకా నిలిచింది.

మేమిద్దరం ఒకే వైరస్ ల్యాబ్‌లో పనిచేస్తాం. ఆదివారాలు వంతులవారీగా వెళ్లి, గాజు పళ్లేల్లో పెంచే కణాలకు మేత పెట్టాలి. ఆయన వంతు వచ్చినప్పుడల్లా ఆయనకు నడుం పట్టేస్తుంది. "పాపం, వాడికి వారానికొక్క రోజేగా విశ్రాంతి" అంటుంది అత్తయ్య. నాకు వారంలో ఎనిమిదో రోజు ఒకటుందని, ఆ రోజు నేను పడుకుంటానని ఆవిడ నమ్మకం కాబోలు. వంట చేసి, బట్టలు ఆరేసి, నేనే వెళ్లేదాన్ని.

అలా వెళ్లిన ఒక ఆదివారం చూశాను. ఒంట్లో కాపలా కణాలుంటాయి. ఎదురైన ప్రతి కణాన్నీ తడిమి, పైన 'మనవాడే' అనే గుర్తు లేకపోతే చంపేస్తాయి. వైరస్ దూరిన కణం మీద ఆ గుర్తు చెరిగిపోతుంది. అయినా నా పళ్లెంలో కాపలా కణాలు దాన్ని తడిమి, మర్యాదగా తప్పుకుపోతున్నాయి. మూడు ఆదివారాలు కుస్తీ పడితే తేలింది: వైరస్ దొంగ గుర్తు తయారుచేసి తగిలించింది. స్టూలు మీంచి పడబోయి మైక్రోస్కోపును వాటేసుకున్నాను.

సోమవారం మీటింగులో మా ఆయన లేచి, "ఆదివారాలు నేను గమనించిందేంటంటే" అని మొదలుపెట్టాడు. నా చెవులు పనిచెయ్యడం మానేశాయి. చివర్లో "ఇంటి పనులతో నన్ను విసిగించనందుకు మా ఆవిడకు థాంక్స్" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. చూస్తే నా చేతులు కూడా కొడుతున్నాయి. ఆయన మొహంలో దొంగతనం ఛాయైనా లేదు. తన వంతులో జరిగింది కాబట్టి తనదేననుకుంటున్నాడు, నిజంగానే.

మా ల్యాబ్ పెద్ద మేడమ్ ఆయన నోట్‌బుక్ తిరగేస్తూ, "మూడో ఆదివారం కణాల్ని కలిపి రెండు గంటలు ఎక్కువ ఉంచారే, ఎందుకండీ?" అంది.

ఆయన, కళ్లజోడు కనిపించనప్పుడు చూసినట్టే, నావైపు చూశాడు. "ఏమోయ్, ఎందుకూ?"

"ఆ బ్యాచ్ కాపలా కణాలు మందకొడిగా ఉన్నాయి" అనేసింది నా నోరు, అలవాటుకొద్దీ.

మేడమ్ తలెత్తింది. "రాత ఆయనది. కింద సంతకం ఆయనది. నీకెలా తెలుసమ్మా?"

'ఇంట్లో మాటల్లో చెప్పారండీ' అంటే సరిపోయేది. ఆయన అప్పటికే తలూపడానికి సిద్ధంగా ఉన్నాడు.

"రాత నాదే మేడమ్. ఆయన వంతు ఎగ్గొట్టినట్టు తెలియకూడదని ఆయన రాత దించేశా. సంతకాలు కూడా. ఏడాది నుంచి. మొదట్లో సరదాగానే ఉండేది. దొంగ సంతకాలకి ఏ శిక్షైనా వెయ్యండి. అదైనా నా పేరు మీద రాయండి."