ముంపునీటి పైన

కాళ్లు ముడుచుకుంటే తగలవనుకోవడం కూడా పిచ్చే, కింద ఎన్ని నిలువుల నీళ్లున్నాయో ఎవరికి తెలుసు, అయినా కయాక్ పడవలో కూర్చున్నప్పటి నుంచి ప్రేమజ్యోతి మోకాళ్లను పైకి లాక్కుంటూనే ఉంది. ఎడమవైపు ఆ గుట్ట. నెత్తిన రెండు బండలు, మధ్యలో సందు. చిన్నప్పుడు బడి మెట్ల మీద నుంచి చూస్తే పొద్దు ఆ సందులోనే గుంకేది. గుట్ట అక్కడుంటే బడి ఇక్కడ. బడి వెనక చర్చి. చర్చి వెనక సమాధులు. అంటే అమ్మ ఈ పడవ కిందే. కాకపోతే నాలుగు బారలు అవతల. మనసు కొలతలు తీస్తోంది. ఆపమంటే ఆపడం లేదు.

ఈ సాహస క్రీడల క్యాంపుకు పేరిచ్చేటప్పుడే ఇది తమ ఊరిని ముంచిన ప్రాజెక్టు అని తెలుసు. కానీ లోయలో బండలెక్కడం, గుడారాల్లో పడుకోవడం, అంతే అనుకుంది. మొదట్లో అలాగే గడిచింది. ఈ రోజు గాలి లేని చోటు కావాలని నాగరాజ్ సార్ జట్టునంతా ఈ పక్కకు తెచ్చాడు. ఆయనది వేరే ఊరు. ఆయనకు ఇవి ఉత్త నీళ్లు.

పరీక్ష చిన్నదే. పడవను తిరగేసుకుని, తలకిందులుగా నీళ్లలో ఉండి, నడుముకు బిగించిన రబ్బరు గుడ్డ పట్టీని లాగి పైకి తేలాలి. అందరూ చేశాకే జట్టు అవతలి గట్టుకు కదులుతుంది. చేయనివాళ్లు సామాన్ల మోటారు పడవెక్కి ఇంటికి పోవాలి.

"మాది బేతంచెర్ల సార్. మా ఊర్లో యాది ఏసినా మునుగుతాది, అన్నీ బండలే," అన్నాడు పరమేష్ తన వంతు రాగానే.

"నువ్వు తేల్తావులే. నీ తలకాయలో ఏం బరువుండాది?" అంది పక్క పడవలోంచి పత్తికొండ పిల్ల శివకుమారి.

అందరూ నవ్వారు. పరమేష్ మునిగాడు, తేలాడు, నీళ్లు ఉమ్మాడు. ఒకరి తర్వాత ఒకరు అయిపోయారు.

"జ్యోతీ, ఇంక నువ్వే," అన్నాడు సార్.

"కొంచేపు ఆగి చేస్తా సార్."

"పొద్దుట్నుంచీ ఇదే మాట చెప్తాండాది సార్," అని అరిచాడు పరమేష్. "ఈయమ్మ మునిగేలోపల నీళ్లు ఇంకిపోతాయి."

నీళ్లంటే భయం లేదు. బావిలో ఈత నేర్చిన పిల్ల. ఊరు ఖాళీ చేసిన ఏడాది, చాలామంది తమవాళ్ల సమాధులు తవ్వి, ఎముకలు కొత్త కుండల్లో పెట్టుకుని పునరావాస కాలనీకి తెచ్చుకున్నారు. నాయన ఒక సాయంత్రం ఆమెను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "ఏమ్మా, మీ అమ్మను ఎత్తుకపోదామా, ఈడనే పండుకోనిద్దామా?" పదకొండేళ్ల పిల్లను అడగాల్సిన ప్రశ్న కాదని ఆయనకు తోచలేదు. గుంతలోంచి ఏం బయటికొస్తుందోనన్న వణుకుతో ఆమె, "పండుకోనీ నాయనా," అంది. ఆయన కళ్లు తుడుచుకున్నాడు. ఆ మాటను పాస్టరుగారికి చెప్పాడు, ఆయన ప్రసంగంలో చెప్పాడు. పసిదాని మనసు ఎంత పెద్దదో చూడండి అన్నారు. ఆ పొగడ్తను ఆమె ఐదేళ్లుగా మోస్తోంది. ఏటా సమాధుల పండుగనాడు కాలనీలో అందరూ తమవాళ్ల దగ్గర కొవ్వొత్తులు పెడతారు. నాయన మాత్రం ఆ సమాధుల ప్రహరీ గోడ మీద పెడతాడు.

ఇప్పుడు ఆమె అరికాళ్లు అమ్మ వైపు ఉన్నాయి. కాలు తగిలితే చేత్తో తాకి కళ్లకద్దుకుంటారు. ఇన్ని నీళ్లను ఎట్లా కళ్లకద్దుకోవడం?

"నీకిష్టం లేకపోతే మోటారు పడవెక్కు తల్లీ," అన్నాడు సార్. "తప్పేం లేదు."

ఎక్కవచ్చు. సంగతి తెలిస్తే నాయన మళ్లీ కళ్లు తుడుచుకుంటాడు. మంచి పని చేసినావు బిడ్డా, అంటాడు. ఆ మాట ఇప్పుడే చెవిలో పడినట్టయి ఆమె మోటారు పడవ మీద నుంచి చూపు మళ్లించుకుంది.

శివకుమారి పడవ దగ్గరికొచ్చింది. "ఏమైందే? సార్‌కు చెప్పేది కాకపోతే నాకు చెప్పు."

"మా ఊరు ఈడనే ఉండేది."

"యాడ?"

"కింద."

శివకుమారి నీళ్లలోకి వంగి చూసింది. "ఎవరన్నా ఉండారా?"

"మా యమ్మ."

శివకుమారి చప్పుడు కాకుండా తన తెడ్డును నీళ్లలోంచి తీసి ఒడిలో అడ్డంగా పెట్టుకుంది.

"ఇంత సేపా? ఇట్ల సూడు, అంతే!" అంటూ పరమేష్ తన పడవను మళ్లీ తిరగేశాడు. ఇందాక ఆమె చూడలేదు. ఇప్పుడు చూసింది. పడవ బోర్లా పడింది. వాడి కాళ్లు పైకి, ఎండ తగిలే పడవ అడుగు వైపు వెళ్లాయి. తల కిందికి పోయింది.

తల ముందు పోతుంది. ఇంత సేపూ ఈ సంగతి ఆలోచించనేలేదు. అలా పోతే తప్పు మాసిపోతుందని కాదు. అమ్మ ఏమైనా అంటుందనీ కాదు, నీళ్లలో మాటలుండవు. గుంతను చూడలేనని తల తిప్పుకున్న పిల్ల ఆ వైపే తల వంచుతుంది, అంతవరకే. అదైనా చేయగలదో లేదో ఇంకా తెలియదు. నడుము దగ్గర పట్టీ ఎక్కడుందో తడిమి చూసుకుంది.

"రెడీనా?" సార్ గొంతు.

ఆమె తెడ్డును శివకుమారికి అందించి, గుండెల నిండా గాలి పీల్చుకుని, కుడిపక్కకు ఒరిగింది.