ఊరుకున్న రక్తం

తాటిపాక సెంటర్లో మాణిక్యాలరావు ల్యాబు షట్టరు ఎత్తేసరికే కడుపుతో ఉన్న ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురు గుమ్మం ముందు బల్ల మీద కూర్చుని ఉండేవారు. ఆయన వరసగా అందరి రక్తం తీసి, గొట్టాల మీద పేర్లు రాసి, లోపలి గదిలో స్టాండులో పెట్టేవాడు. తర్వాత ఫ్యాను ఆపేసి, చెవి ఒగ్గి కాసేపు కూర్చునేవాడు.

మంచి రక్తం మాట్లాడదు. కడుపులో మాయ సరిగ్గా అతుక్కోక, నెలలు నిండేలోగా బీపీ పెరిగి ప్రాణం మీదికి రాబోయేవాళ్ల రక్తం మాత్రం ఆ మనిషి గొంతుతోనే, ముందుముందు పడబోయే బాధ ఇప్పుడే చెప్పుకునేది. చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తెలిసిన సంగతే. "భూలక్ష్మి రక్తం మాట్లాడిందట, కాకినాడ తీసుకెళ్లేరు" అని చెప్పుకునేవారు, అంతే.

రెండువేల ఒకటి మాఘమాసంలో మంగాయమ్మ తన కోడలు ప్రసన్నని తీసుకొచ్చింది. ప్రసన్నకి ఐదో నెల. మొగుడు కనకరాజు కువైట్‌లో డ్రైవరు. ప్రసన్న నెమ్మదైన పిల్ల. అత్తగారేం చెప్పినా "ఆయ్" అనడమే తప్ప రెండో మాట ఎరగదు. రక్తం ఇచ్చి, మోచేతి దగ్గర దూది నొక్కిపట్టుకుని బయట బల్ల మీద కూర్చుంది.

కాసేపటికి మాణిక్యాలరావు మంగాయమ్మ ఒక్కదాన్నే లోపలికి పిలిచేడు.

"వినండి," అన్నాడు.

గొట్టంలోంచి ప్రసన్న గొంతు సన్నగా వస్తోంది. "తల పగిలిపోతోందండీ అత్తయ్యగారూ... కళ్లముందు మెరుపులండీ... కాస్సేపు పడుకోనా అండీ..."

"ముందే తెలియడం మంచిదైందండి," అన్నాడు మాణిక్యాలరావు. "కాకినాడలో పెద్ద డాక్టరుగారికి చూపించండి. రోజూ ఓ చిన్న మాత్ర వేయిస్తారు, తరచూ బీపీ చూస్తారు. విశ్రాంతిగా ఉంచండి. చాలామంది గట్టెక్కేరండి."

"వైశాఖంలో మా అమ్మాయి సత్యప్రియ పెళ్లి," అంది మంగాయమ్మ. "ఈవిడగారు మంచమెక్కితే అప్పడాలెవరు ఒత్తుతారు? వచ్చేపోయేవాళ్లకి ఎవరు వండిపెడతారు? పైగా మా ఇంట్లో రక్తం మాట్లాడిందని మగపెళ్లివారికి తెలిస్తే?"

ఆవిడ గొట్టం మీదికి వంగి, ఇంట్లో వాడే గొంతుతోనే అంది: "ఊరుకో."

"ఆయ్," అంది రక్తం. ఇంక మాట్లాడలేదు.

"ఏమని రాయమంటారండీ?"

"ఊరుకుంది కదండీ. బాగుందని రాయండి."

రాసేడు. ల్యాబు అద్దెకున్న గది మంగాయమ్మదే.

ఆ రోజు నుంచి ప్రసన్నకి ఏ నొప్పి వచ్చినా ఆ మాట గొంతు దాకా వచ్చి వెనక్కి పోయేది. ఏడో నెలలో పుట్టింటికి తీసుకెళ్దామని ఆలమూరు నుంచి తల్లి లీలావతి వచ్చింది.

"పెళ్లయ్యాక పంపిస్తాం వదినగారూ," అంది మంగాయమ్మ.

లీలావతి కూతురి కాళ్ల వాపు చూసి, "ఒంట్లో ఎలా ఉందే?" అని అడిగింది. తల పోటెత్తుతోందని చెబుదామనే ప్రసన్న నోరు తెరిచింది. "బానే ఉందమ్మా" అన్న మాట బయటికొచ్చింది. కువైట్ నుంచి ఫోను వచ్చినప్పుడూ అంతే.

పెళ్లినాటికి గాజులు చేతికి బిగిసిపోయేయి. అప్పగింతలై, పెళ్లివారి బస్సు కదిలాక, పెరట్లో గుండిగలు తోముతూ ప్రసన్న పడిపోయింది. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి. నాలుక తెగి నోరంతా నెత్తురు. అమలాపురం తీసుకెళ్లేసరికే మాయ విడిపోయి, కడుపులో ఆడపిల్ల చచ్చిపోయి ఉంది.

"తలనొప్పని గానీ, కళ్లు మసకలని గానీ ముందు చెప్పలేదా?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఒక్క మాటా చెప్పలేదండీ," అంది మంగాయమ్మ. అందులో అబద్ధం లేదు.

ప్రసన్న బతికింది. కాస్త లేచి తిరుగుతున్నాక, ఒంట్లో రక్తం ఎంతుందో చూపించడానికి అత్తగారు మళ్లీ తాటిపాక తీసుకొచ్చింది. సూది గుచ్చుతున్న మాణిక్యాలరావుని ప్రసన్న అడిగింది.

"నా రక్తం ఆ వేళ ఏమన్నా అందా అండీ?"

మాణిక్యాలరావు మంగాయమ్మ వైపు చూసేడు. "లేదమ్మా," అన్నాడు.

"అయితే నాదే తప్పండీ. నేనే చెప్పుకోలేకపోయేను."

మంగాయమ్మ కోడలి పైట సర్ది, తల నిమిరింది. "ఈసారన్నా నోరు తెరిచి చెప్పు తల్లీ. మేమేమన్నా పరాయివాళ్లమా?"

కాపురానికొచ్చాక అత్తగారు ఇంత ప్రేమగా మాట్లాడటం అదే మొదలు. ప్రసన్న ఆవిడ రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది.