వేరే ఊరి చిరునామా

ఆఫీసులకు రబ్బరు ముద్రలు చేయడం మా తాతగారి నాటి నుంచి మా వృత్తి. ఈ ఊరు రాజధాని అయిననాటికి ఇక్కడ నాలుగు వీధులు, ఒక పశువుల సంత ఉండేవట. సంత పోయి సచివాలయం వచ్చింది. దాని చుట్టూ లాడ్జీలు, టైపు షాపులు, జిరాక్సు కొట్లు వెలిశాయి. మా ఊళ్లో ఏదీ పండదు, ఏదీ తయారవదు. అర్జీలు పట్టుకుని వచ్చేవాళ్ల మీదే అందరం బతుకుతున్నాం. ఈ మాట అంటే మావాళ్లకు ఒళ్లు మండుతుంది.

ఆ ఉదయం సచివాలయం సూపరింటెండెంటు స్వయంగా కొట్టుకు వచ్చి నలభై ముద్రల జాబితా ఇచ్చాడు. అన్నీ ఇక్కడి శాఖలే. అడుగున చిరునామా మాత్రం వేరే ఊరిది. రెండుసార్లు చదివాను.

"రాజధాని మారుతోందాండీ?"

"నువ్వు ముద్రలు చెయ్యి. వచ్చే నెలలోపు ఈ మాట బయట పొక్కిందో, నీ కొట్టూ ఉండదు, నువ్వూ ఉండవు," అన్నాడు నెమ్మదిగా.

ఆయన వెళ్లాక గుర్తొచ్చింది. భర్త పోయిన మా చెల్లెలు ఉన్న ఒక్క ఇల్లూ అమ్మేసి, సచివాలయం ఎదుటి లాడ్జి కొంటోంది. ఎవరో ఆఫీసరు చవగ్గా ఇస్తున్నాడంది. రిజిస్ట్రేషన్ ఆ రోజే, పదకొండింటికి. నేను ట్రాఫిక్ పోలీసును చూస్తే చాలు సైకిలు దిగిపోయే రకం. అయినా చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను.

రిజిస్ట్రారు ఆఫీసు కిటకిటలాడుతోంది. చెల్లెలు బల్ల దగ్గర కలం పట్టుకుని కూర్చుంది. ఎదురు కుర్చీలో లాడ్జి అమ్మేవాడు. చూద్దును కదా, సూపరింటెండెంటే.

ఆయన నన్నే చూస్తున్నాడు.

"సంతకం పెట్టకమ్మా," అన్నాను.

"మళ్లీ మొదలుపెట్టావా అన్నయ్యా? నీకు అన్నిటికీ భయమే. కారణమైనా చెప్పు, లేకపోతే పక్కకైనా జరుగు."

"వెళ్లి పని చూసుకోవయ్యా," అన్నాడు ఆయన, మళ్లీ అంతే నెమ్మదిగా.

చెల్లెలు నవ్వి, కలం కాగితం మీద ఆనించింది.

"రాజధాని వెళ్లిపోతోంది," అన్నాను. అరిచానట, నాకు తెలియలేదు.

ప్రతి బల్ల దగ్గరా కలాలు ఆగిపోయాయి. కొనేవాళ్లు అమ్మేవాళ్ల ముఖాల్లోకి చూస్తున్నారు. సూపరింటెండెంటు లేచి, నా మీంచి చూపు తిప్పకుండానే ఫోను తీసి నంబరు నొక్కాడు. చెల్లెలు కలం మూసి నా చెయ్యి పట్టుకుంది.