మడ కొమ్మలో బూజు

హెప్సిబా గాజు పళ్లెం మూత తీయగానే గుప్పున డీజిల్ వాసన వేసింది. పళ్లెంలో ఉన్నది దూదిలాంటి తెల్లటి బూజు మాత్రమే. ఆమె తెనాలి కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుంది. నిజాంపట్నం మడ అడవిలో కోసుకొచ్చిన కొమ్మ లోపల దొరికింది ఆ బూజు. ఇలాంటివి కొన్ని డీజిల్‌ను పోలిన ఆవిరి వదులుతాయని చదవడమే గాని, తన ముక్కుకు తగలడం అదే మొదలు. ఆ రోజంతా ఆమెకు కాళ్లు నేల మీద నిలవలేదు. పాఠం చెబుతున్నా, బస్సెక్కినా, ఎక్కడో ఒక అడవి నిద్రలో మెల్లగా నూనెను ఊపిరిగా వదులుతున్నట్టే ఉంది.

బాపట్ల ల్యాబులో పనిచేసే స్నేహితురాలు తనూజ ఆ పళ్లేన్ని పరీక్షించి చూసింది.

"డీజిల్లో ఉండే రసాయనాలే కనబడుతున్నాయే. కానీ నువ్వా కొమ్మ ఇంజను బోటులోంచి కోశావు కదా? బోటు డీజిలే అంటుకుందేమో!"

హెప్సిబాకూ ఆ అనుమానం పట్టుకుంది. పైగా కొత్త పళ్లేల్లోకి మార్చేసరికి బూజు వాసన వేయడమే మానేసింది.

రేపల్లె మీదుగా మళ్లీ నిజాంపట్నం వెళ్లి, పీతలు పట్టే కొండమ్మను వెతుక్కుంది.

"అత్తా, బోట్లు తిరగని పాయలోకి వెళ్లాలి. ఇంజను లేని పడవ కావాలి."

"నాదుందిగా. ఏం కావాలేంటి నీకు?"

"కొమ్మలో ఉండే బూజు. అది నూనె చేస్తుందో లేదో చూడాలి."

కొండమ్మ వింతగా చూసి పడవ తోసింది. మంచులో పాయ, ఒడ్డు, ఆకాశం ఒకటైపోయాయి. తెడ్డు చప్పుడు తప్ప మరేమీ లేదు. మడ చెట్లు వాటంతటవే దగ్గరికి వస్తున్నట్టనిపించింది. హెప్సిబా ఒక కొమ్మ కోసి ఒళ్లో పెట్టుకుంది.

తెనాలిలో పైతొక్క కడిగేసి, లోపలి ముక్క నుంచే బూజును పెంచింది. ఇంటి తిండి దొరక్క అలిగిందేమోనని ఈసారి మేతలో మడ ఆకుల పొడి కలిపింది. ఎన్నాళ్లో వాసన లేదు. ఒక మధ్యాహ్నం మూత తీసి, పళ్లేన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. అదే వాసన!

"బోటు కాదే," అంది తనూజ మళ్లీ పరీక్షించాక ఫోనులో. "ఇదే చేస్తోంది." హెప్సిబా కళ్లు తుడుచుకుంది.

ఆ కబురు చెప్పడానికి వెళ్లేసరికి కొండమ్మ చేపలు ఎండబెడుతోంది.

"ఎంత నూనె వస్తుద్ది అమ్మాయ్?"

"దీపం వత్తి తడవడానిక్కూడా చాలదత్తా."

"పోన్లే. బతికుంది గదా, పెరుగుద్ది. రేపు పోటు నీళ్లొచ్చే వేళకి రా, అవతలి పాయలో ఇంకో రకం మడ ఉంది."

హెప్సిబా చెప్పులు విడిచి ఆమె పక్కన కూర్చుని, చేపలు తిరగేయసాగింది.