ఏం బాగోలేదు?

వీర్రాజు ఏడో చెక్కమూత ఎత్తి చూసి మూసేశాడు. ఎనిమిదోది ఎత్తాడు. ఉప్పునీటి తొట్టిలో మెడదాకా మునిగిన రేకు డబ్బా. అందులో నీళ్ళు అంచుల వెంబడి తెల్లగా గడ్డకట్టాయి కానీ, నడుమ చెంబు మునిగేంత మేర ఇంకా కదులుతూనే ఉన్నాయి. ఐసు ఎప్పుడూ బయటినుంచి లోపలికే కడుతుంది. ఆఖర్న కట్టే ఆ నడిమి భాగాన్ని ఇక్కడివాళ్ళు గుండె అంటారు. గుండె కట్టని దిమ్మని మరలో పొడి చేసి చేపల మీద పోస్తే, హౌరా వెళ్ళే లారీ ఒరిస్సా దాటకుండానే అది నీళ్ళయి కూర్చుంటుంది. నిన్నటి కరెంటు కోతకి ఈ దక్షిణం వరుస బాగా వెనకబడింది. సాయంత్రం ఆరు దాటితే గాని పనికిరాదని లెక్క వేసుకుని, వీర్రాజు నడుం మీద చెయ్యి ఆనించి లేచి నిలబడ్డాడు.

కైకలూరు నుంచి కొల్లేటికోట వెళ్ళే దారిలో, చేపల చెరువుల మధ్య ఉందా ఐసు ఫ్యాక్టరీ. అందులో అతను ముప్ఫై నాలుగేళ్ళుగా మేస్త్రీ. పొట్టి మనిషి. చలికి పగిలి పగిలి చేతివేళ్ళ కణుపులు ఎండిన అల్లం కొమ్ముల్లా తయారయ్యాయి. వేడి టీ గ్లాసు పట్టుకున్నా ఆ వేళ్ళకి సెగ తెలియదు. ఇక ముక్కు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఐసు కట్టించే అమ్మోనియా గ్యాసు పీల్చీ పీల్చీ అది ఎప్పుడో పనికిరాకుండా పోయింది. ఇంట్లో సీతారత్నం పోపు మాడ్చినా అతనికి తెలియదు. ఈ ఒక్క విషయంలో ఆవిడకి మొగుడితో మహా సుఖం.

ఇవాళ్టితో అతని డ్యూటీ ఆఖరు. పొద్దున బయల్దేరుతుంటే సీతారత్నం ఇస్త్రీ చొక్కా తీసిచ్చింది.

"ఏవండీ, ఇవాళైనా కాస్త మంచి చొక్కా తొడుక్కోండి. ఫోటోలవీ తీస్తారు."

"తొట్టి మీద పాకేవాడికి ఇస్త్రీ ఎందుకే?" అన్నాడు గానీ, తొడుక్కునే వచ్చాడు. ఏడు కాకుండానే మోచేతుల దగ్గర ఉప్పు చారికలు కట్టాయి.

ఏడు గంటలకి దుర్గేష్ మీటింగు పెట్టాడు. రేపటినుంచి మేస్త్రీ స్థానంలో ఉండబోయేది అతనే. తాడేపల్లిగూడెం కుర్రాడు, పాలిటెక్నిక్ చదివాడు, ముప్ఫై నిండలేదు. యంత్రం విప్పి బిగించడంలో వంక పెట్టడానికి లేదు. చేరి ఆరు నెలలైంది. ఓనరు పాండురంగారావుగారు అతన్ని విజయవాడ పంపించి, పదిమంది చేత పని చేయించడం ఎలాగో నేర్పే రెండు రోజుల ట్రైనింగు కూడా ఇప్పించారు. వస్తూ వస్తూ ఒక నోటుబుక్కూ, 'మనమంతా ఒకే టీమ్' అని రంగుల అక్షరాల కాయితమూ పట్టుకొచ్చాడు. ఆ కాయితం గోడకి అంటించాడు. ఐసు ఫ్యాక్టరీ గోడ కదా, మూడో రోజుకి చెమ్మకి ఊడి కింద పడింది.

"ఎవరికైనా ఏమైనా ప్రాబ్లమ్స్ ఉన్నాయా?" అని అడిగాడు దుర్గేష్.

"లేవండి."

"అంతా ఓకేనా?"

"ఆయ్, ఓకేనండి."

దుర్గేష్ నోటుబుక్కులో తారీఖు వేసి 'సమస్యలు లేవు' అని రాసుకున్నాడు. సోమవారం నుంచి ఇవాళ్టిదాకా వరసగా ఐదు పేజీల్లో అదే మాట ఉంది.

అసలు సంగతేమిటంటే, మంగళవారం నాడు మీటింగు అయ్యాక ఐసు మర దగ్గర పనిచేసే మరియమ్మ, బెల్టు జారుతోందండీ అని చెప్పింది. "ఆ మాట ముందే చెప్పొద్దూ? తెగేదాకా నిద్రపోతున్నారా అందరూ?" అని దుర్గేష్ అందరి ముందూ కసిరాడు. యాభై ఏళ్ళ మనిషి, ముఖం చిన్నబుచ్చుకుని చీపురందుకుంది. అంతే, ఆ పూటతో అందరి నోళ్ళకీ తాళాలు పడ్డాయి.

వీర్రాజు పద్ధతి వేరు. పోయిన శనివారందాకా పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని తొట్టి మెట్టు మీద కూర్చునేవాడు. ముందు తన తప్పు తను చెప్పేవాడు. నిన్న ఫలానా డబ్బాలు తొందరపడి లేపించాననో, ఫలానా వాల్వు చూడటం మర్చిపోయాననో. ఆ తరవాత "ఏం బాగోలేదు?" అని అడిగేవాడు. బాగుందా అని కాదు. ఏం బాగోలేదు అని. అడిగి ఊరుకునేవాడు. ఎవరో ఒకరు ఏదో ఒకటి చెప్పేదాకా అక్కణ్ణుంచి కదిలేవాడు కాదు. ఇక తప్పక ఎవరో "టీలో పంచదార ఎక్కువైందండి" అనైనా అనేవారు. ఒకరు నోరు విప్పితే రెండోవాళ్ళకీ మాట వచ్చేది. ముక్కు పోయిన మనిషికి పదిమంది నోళ్ళే ఆధారం మరి.

కానీ సోమవారం నుంచి మీటింగు దుర్గేష్‌ది. ఒక ఒరలో రెండు కత్తులెందుకని వీర్రాజు గోడ పక్కన నిలబడి ఊరుకుంటున్నాడు. అలా ఊరుకోవడం అతనికి ప్రాణం మీదకి వచ్చినట్టే ఉంది.

పదకొండింటికి పాండురంగారావుగారి ఫోను వచ్చింది. హౌరా వెళ్ళే రెండు లారీలు ముందే బయల్దేరాలట, ఐసు ఆరింటికి కాదు, మూడింటికే కావాలట.

"అలాగేనండి. తప్పకుండానండి," అన్నాడు దుర్గేష్. ఫోను పెట్టేసి మనుషుల్ని కేకేశాడు. "మూడింటికి దక్షిణం వరుస మొత్తం లేపేద్దాం. అవుతుందిగా?"

మరియమ్మ నేల చూసింది. కంప్రెసర్ చూసే వెంకట్రాజు తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. డబ్బాలు లేపే ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ తరవాత అందరూ కలిసి వీర్రాజు వంక చూశారు.

వీర్రాజుకి మాట నాలిక చివరిదాకా వచ్చింది. కాదు అని అనడానికి ఎంతసేపు? కానీ ఇవాళ తను కాదంటే, అది తన మాట అవుతుంది. రేపు ఈ గోడ పక్కన తను ఉండడు. రేపూ ఇలాగే నేల చూస్తారు వీళ్ళు, ఇలాగే గోడవైపు చూస్తారు. అక్కడ ఎవరూ ఉండరు. పళ్ళు బిగబట్టుకుని ఊరుకున్నాడు.

"అలాగేనండి," అన్నారందరూ.

మధ్యాహ్నం షెడ్డు వెనక అరుగు మీద క్యారేజీ విప్పాడు. మామిడికాయ పప్పు, చిన్న చేపల ఇగురు. ముద్ద దిగడం లేదు. రెండు లారీల చేప. ఎవరెవరి చెరువుల్లోదో, పది నెలలు మేపి పెంచిన చేప. ఒంటిగంటన్నరదాకా చూస్తాను, అప్పటికీ ఎవరూ చెప్పకపోతే నేనే చెప్పేస్తాను, ఆఖరి రోజు చెడ్డవాణ్ణయినా సరే అనుకున్నాడు.

అంతలో దుర్గేష్ వచ్చాడు. పక్కన కూర్చున్నాడు.

"మేస్త్రీగారూ, ఒక మాట అడగనాండి?"

"అడుగు బాబూ."

"ఇందాక అడిగింది నేను కదండీ. అందరూ మీ వంక ఎందుకు చూశారండి?"

వీర్రాజు చెయ్యి ముద్ద మీదే ఆగిపోయింది. అమ్మయ్య, చూశాడు! ట్రైనింగులో నేర్పనిది వీడంతట వీడే చూశాడు. లోపల పొంగుకొచ్చిన సంతోషం ముఖంలోకి రానివ్వకుండా మంచినీళ్ళు తాగాడు.

"వెంకట్రాజు ఎడమ కన్ను ఎలా పోయిందో తెలుసా నీకు?"

"యాక్సిడెంట్ అన్నారండి. గ్యాసు కొట్టిందని."

"గ్యాసు కొట్టిందిలే. తీసింది నేను."

దుర్గేష్ తెల్లబోయాడు.

"పంతొమ్మిదేళ్ళైంది. అప్పుడు నా నోరు నీ నోటికి తాత. నేను వస్తున్నానంటే షెడ్డంతా గప్‌చుప్. అదే గొప్పనుకునేవాణ్ణి. ఒకరోజు వెంకట్రాజు వచ్చి, మేస్త్రీగారూ ఆ కంప్రెసర్ దగ్గర… అన్నాడు. 'నీ పని నువ్వు చూసుకోరా' అని అరిచాను. వెళ్ళిపోయాడు. మర్నాడు అక్కడే, ఆ బిగింపు ఊడి, గ్యాసు వాడి ముఖం మీద కొట్టింది. ఆసుపత్రిలో నేను పోయి నిలబడితే ఏమన్నాడో తెలుసా? 'చెబుదామనే వచ్చానండి' అన్నాడు. ఒక్క తిట్టు తిట్టలేదు. తిట్టినా బాగుండును. ఆ మాట ఇప్పటికీ నా చెవిలోంచి పోలేదు బాబూ."

వీర్రాజుకి క్యారేజీ గిన్నెలు ఒకదానిలో ఒకటి పెట్టడానికి చాలాసేపు పట్టింది.

"మూడు నెలలకి మళ్ళీ పనిలోకి వచ్చాడు. తప్పయిపోయిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. అంత అరిచిన నోరు, ఆ ఒక్క మాటకి రాలేదు. ఏం చెయ్యాలో తెలీక, ఇవాళ ఏం బాగోలేదు వెంకట్రాజూ అని అడిగాను. అంతే. అప్పణ్ణుంచి రోజూ అడుగుతున్నాను."

దుర్గేష్ లేచి, నోటుబుక్కు అరుగు మీదే వదిలేసి లోపలికి వెళ్ళాడు. వీర్రాజు చెయ్యి కడుక్కుని గుమ్మందాకా వెళ్ళి ఆగాడు.

దుర్గేష్ తొట్టి పక్కన నిలబడి ఉన్నాడు. అందరూ చుట్టూ చేరారు. మళ్ళీ ఏం అక్షింతలు పడతాయోనని బిక్కుబిక్కుమంటున్నారు.

"ఇందాక నేను మిమ్మల్ని అడక్కుండా ఓనరుగారికి మాటిచ్చేశానండి. అది నా తప్పు," అన్నాడు దుర్గేష్. మాట తడబడింది. "మొన్న మరియమ్మగారు బెల్టు గురించి చెబితే కసిరాను. అదీ తప్పేనండి. ఇప్పుడు చెప్పండి. ఏం బాగోలేదు?"

ఎవరూ మాట్లాడలేదు. కంప్రెసర్లు దడదడలాడుతున్నాయి. పైకప్పు రేకు మీంచి చెమ్మ చుక్క ఒకటి చెక్కమూత మీద పడింది. దుర్గేష్ మెడ మీద చెమట పట్టింది గానీ, కదలకుండా నిలబడ్డాడు. ఆగు నాయనా, ఇంకొంచెం ఆగు, అని వీర్రాజు గుమ్మం దగ్గర గొణుక్కుంటున్నాడు.

"దక్షిణం వరుస గుండె కట్టలేదండి," అంది మరియమ్మ నేల చూస్తూనే. "ఆరు దాటాలండి. మూడింటికి లేపితే ఉత్త నీళ్ళేనండి."

దుర్గేష్ ఊపిరి వదిలాడు. "మంచిపని చేశారండి చెప్పి. ఇంకేమైనా ఉందా?"

వెంకట్రాజు ఒంటికన్నుతో వీర్రాజు వైపు చూడబోయి, మానుకుని, దుర్గేష్ వైపే తిరిగాడు.

"రెండో కంప్రెసర్ దగ్గర రాత్రినుంచీ వాసనొస్తోందండి. సన్నంగా."

వీర్రాజు పొద్దున్నుంచి ఆ కంప్రెసర్ పక్కనే నాలుగుసార్లు తిరిగాడు. ఏమీ తెలియలేదు. అందరికంటే ముందు చెప్పాల్సిన వెంకట్రాజే, అన్నీ తెలిసిన వెంకట్రాజే, చెప్పకుండా దాచుకున్నాడు. ఒక్క వారం చాలింది దానికి. పంతొమ్మిదేళ్ళు కట్టుకుంటూ వచ్చింది ఒక్క వారంలో ఊడిపోబోయింది.

దుర్గేష్ అరవలేదు. గంధకం వత్తి వెలిగించి గొట్టాల వెంబడి నెమ్మదిగా పోనిచ్చాడు. ఒకచోట తెల్లటి పొగ లేచింది. గ్యాసు కారుతున్నట్టు గుర్తది. యంత్రం ఆపి, అందరినీ బయటికి పంపి, వాల్వు మూసి, ముఖానికి ముసుగు తగిలించుకుని తనే బిగింపు విప్పాడు. లోపలి వాషరు పీలికలై ఉంది. కొత్తది వేసేసరికి ముప్పావుగంట పట్టింది.

ఆ తరవాత ఓనరుగారికి ఫోను చేశాడు. "మూడింటికి కుదరదండి… లేదండి, ఇందాక నేను తెలియక చెప్పానండి… ఏడింటికి ఇస్తానండి, గట్టి ఐసు ఇస్తానండి." ఫోనులోంచి పాండురంగారావుగారి కేకలు షెడ్డు అవతలికి వినిపించాయి. దుర్గేష్ ఫోను చెవికి జానెడు దూరంగా పట్టుకుని, కేకలు అయ్యేదాకా ఆగి, అదే మాట మళ్ళీ చెప్పాడు. మూడోసారికి అవతల గొంతు తగ్గింది. సరే ఏడిశావులే, వలలు పొద్దు వాలాక లాగమని చెబుతాను అన్నారాయన.

మరియమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. సోమవారం తరవాత ఆ షెడ్డులో వినిపించిన మొదటి నవ్వు అది.

ఐదున్నరకి వీర్రాజుని కుర్చీలో కూర్చోబెట్టి దండ వేశారు, శాలువా కప్పారు. వెంకట్రాజు కప్పాడు శాలువా. కప్పి, రెండు భుజాలూ సవరించి, "ఇంటికాడ ఊరికే కూచోకండి, అప్పుడప్పుడూ రండి" అన్నాడు. వీర్రాజు అతని చెయ్యి పట్టుకున్నాడు.

"వెంకట్రాజూ, తప్పయిపోయిందిరా."

"దేనికండీ?" అన్నాడు వెంకట్రాజు. ఆ తరవాత అర్థమై తల దించుకున్నాడు. "ఊరుకోండి మేస్త్రీగారూ. మీరు చెప్పకపోతే నాకు తెలియదాండి?"

ఇద్దరూ ఏడ్చారు. ఏడవడానికి ఎవరూ సిగ్గుపడలేదు.

అప్పుడు డబ్బాలు లేపే ఇద్దరూ ఒక దిమ్మని నెట్టుకొచ్చారు. రెండు రోజుల కిందటే, సగం కట్టిన డబ్బాలో మరియమ్మ గుప్పెళ్ళతో బంతిపూలు వేసిందట, ఎవరికీ చెప్పకుండా. గాజులాంటి దిమ్మలో పసుపూ నారింజా పూలు ఎక్కడివక్కడ ఆగిపోయి ఉన్నాయి.

"ఇంత దిమ్మ మోపెడ్ మీద ఎలా పట్టుకెళ్ళనే?" అన్నాడు వీర్రాజు.

"ఎవరు పట్టుకెళ్ళమన్నారండీ? చూడండి, చాలు."

చూశాడు. పగిలిన వేళ్ళతో దాన్ని ఒకసారి తడిమాడు. ఆరున్నర దాటాక బండి స్టార్టు చేసి గేటు దాటుతుంటే వెనక దుర్గేష్ గొంతు వినిపించింది, తూర్పు కొసనుంచి మొదలెడదామని. దాని మీదుగా మరియమ్మ గొంతు, "కాదండీ, ఇటునుంచండీ, ఇటువైపు ముందు కట్టిందండీ" అని. వీర్రాజు బండి ఆపకుండానే నవ్వుకున్నాడు. చెరువుల గట్ల మీద కొంగలు వాలుతున్నాయి. ఇంటికెళ్ళి సీతారత్నానికి చెప్పాల్సింది చాలా ఉంది.

షెడ్డులో డబ్బాలు వరసగా లేస్తున్నాయి. గుమ్మం పక్కన సిమెంటు గచ్చు మీద బంతిపూల దిమ్మ మెల్లగా కరుగుతోంది. అంచున ఉన్న పువ్వు ఒకటి అప్పుడే సగం బయటికి వచ్చింది.