ఒక పేజీలో గోడ

బార్ మెట్ల మీద ఎండిపోయిన నెత్తురును గోడ చీపురుతో రుద్దుతున్నాడు. అది ఎవరిదో సరిగ్గా గుర్తు లేదు. కొంత తనదే అయి ఉంటుంది. కుడిచేతి కణుపులు వాచి, వేళ్లు ముడుచుకోవడం లేదు. విరిగి అతుక్కున్న ముక్కు మళ్లీ విరిగి ఒక పక్కకు ఒరిగింది. ఎడమచెవి పైభాగాన్ని ఎప్పుడో ఎవడో కొరికేశాడు. తాగి గొడవ చేసేవాళ్లను బయటికి గెంటడం అతని పని. ఎంత కొట్టినా కదలడని పాత యజమాని పెట్టిన 'గోడ' అన్న పేరు, యాభై దగ్గరపడినా అలాగే ఉండిపోయింది.

ఆ పొద్దున భార్య అతని చొక్కాను బకెట్లో ముంచుతూ తెగేసి చెప్పింది.

"ఇక నా వల్ల కాదు. ఈ మరకలు ఉతికి ఉతికి నా చేతులు అరిగిపోయాయి. మా తమ్ముడు చెప్పిన బడి గేటు ఉద్యోగం చూసుకో. సాయంత్రంలోగా రెజ్యూమే ఇవ్వాలట."

"నాకు రెజ్యూమే ఏంటే? నా మొహం చూస్తే తెలీదా?"

"మొహం చూస్తే ఇవ్వరు. అందుకే కాగితం."

మెట్లు కడిగేసి, గోడ బార్ పక్కనే ఉన్న ప్రింటింగ్ షాపులోకి వెళ్లాడు. కంప్యూటర్ ముందున్న అమ్మాయికి అతని కూతురి వయసు ఉంటుంది.

"చెప్పండి బాబాయ్, ఎక్కడెక్కడ పని చేశారు?"

అతను చెప్పుకుంటూ పోయాడు. గొలుసు దెబ్బకు భుజం ఎముక విరిగిన మార్కెట్ బార్. ఒకణ్ణి అద్దంలోంచి బయటికి విసిరిన బ్రాందీ షాపు. ఇంకొకడు కత్తి తీసేలోపే వాడి మణికట్టు విరిచేసిన లాడ్జి. ఆ అమ్మాయి వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయాయి.

"ఇదంతా రాస్తే రెండు పేజీలు దాటుతుంది. ఒక పేజీ మించితే వాళ్లు చూడరు బాబాయ్."

"ఇన్నేళ్లు తన్నులు తిన్నానమ్మా. ఒక్క పేజీతో సరిపెడతావా?"

"పోనీ, అక్షరాలు చిన్నవి చేయనా?"

చేసి చూపించింది. అతను తెరకు ముక్కు ఆనించాడు. సీసా పెంకు తగిలినప్పటి నుంచి ఒక కంట్లో అంతా మసకే.

"చీమలు పాకుతున్నట్టుంది. పెద్దవే ఉంచు. రెండు పేజీలే వెయ్యి."

"సరే. కానీ 'గెంటడం' అని రాయలేం కదా! 'కస్టమర్లతో ఓపికగా వ్యవహరించడం' అని పెడుతున్నా. ఫొటో పైన కుడివైపు. చెవి కనబడకుండా కత్తిరిస్తాను."

గోడకు నవ్వొచ్చింది. పక్కటెముక కలుక్కుమంది.

అప్పుడే బార్‌లోంచి కేక వినిపించింది. గోడ లేచి అటు పరుగెత్తాడు.

గ్లాసు ఒలికించాడని సర్వర్ తలను ఇద్దరు తాగుబోతులు బల్లకు అదిమిపెట్టారు. ఒకడు పగిలిన గాజును అతని చెంప మీద నూరుతున్నాడు. గోడ వాడి జుట్టు పట్టి మొహాన్ని కౌంటర్ అంచుకేసి కొట్టాడు. పళ్లు నేల మీద రాలాయి. రెండోవాడు వెనక నుంచి కుర్చీ ఎత్తి మెడ మీద వేశాడు. కుర్చీ కాలు విరిగింది గానీ గోడ పడలేదు. వెనక్కి తిరిగి, వాడి గొంతు పట్టుకుని, కడుపులో గుద్దడం మొదలుపెట్టాడు. వాడు వాంతి చేసుకున్నా, మెడ వాల్చేసినా గుద్దుతూనే ఉన్నాడు.

"చచ్చిపోతాడన్నా! ఆపన్నా!"

సర్వర్ అతని చేతికి వేలాడుతున్నాడు. చెంప నుంచి నెత్తురు ధారగా కారుతోంది. అతని కళ్లలోని భయం ఆ తాగుబోతుల గురించి కాదు. గోడను చూసి భయపడుతున్నాడు.

గోడ ఆగాడు. పిడికిలి విప్పుదామని చూశాడు. అది విచ్చుకోలేదు. రేపు చిన్నపిల్లలకు గేటు తీయవలసింది ఈ చెయ్యే కదా అనిపించింది.

ఇద్దరినీ ఈడ్చుకెళ్లి మెట్ల మీద పడేశాడు. సర్వర్ ఒక తువ్వాలులో ఐసు ముక్కలు చుట్టి దూరం నుంచే అందించాడు. దాన్ని మెడకు ఒత్తుకుంటూ గోడ మళ్లీ షాపుకు వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూలబడ్డాడు.

"ఒక్క పేజీ చాలమ్మా. ఆ బార్లన్నీ తీసెయ్."

"అవి తీసేస్తే ఏం మిగులుతుంది బాబాయ్?"

అతను తువ్వాలును మెడ మీద ఇంకో పక్కకు జరిపాడు.

"గేటు తీస్తాడు, వేస్తాడు అని రాయి. ఆఖరి పిల్ల ఇంటికి వెళ్లేదాకా నిలబడతాడని రాయి."

"సగం పేజీ ఖాళీగా ఉంటుందే!"

"ఉండనీ. చదివేవాళ్లకు హాయిగా ఉంటుంది."

ఆమె ఒక్కో వరుసా చెరిపేసింది. పేరును మధ్యకు జరిపి, అక్షరాలు ఇంకా పెద్దవి చేసింది. అతను తువ్వాలును బల్ల మీద పెట్టి, తలను వెనకున్న గోడకు ఆనించాడు.

"ఫొటోలో చెవి... ఉండనీ. దాచకు." మాటలు ముద్దముద్దగా వచ్చాయి.

"అలాగే బాబాయ్."

ప్రింటర్ గర్రుమని కాగితాన్ని బయటికి తోసింది.

"చూసుకోండి, తప్పులేమైనా ఉన్నాయేమో."

అతను పలకలేదు. కునుకు పట్టిందనుకుని ఆమె భుజం తట్టింది. కళ్లు తెరిచే ఉన్నాయి, ఊపిరి లేదు. ఒళ్లో పడి ఉన్న కుడిచెయ్యి మెత్తగా విచ్చుకుని ఉంది.

సర్వర్, మరో నలుగురు వచ్చి అతన్ని మోసుకెళ్లారు. అంత బరువును ఇరుకు గుమ్మంలోంచి దాటించడానికి నానా తంటాలు పడ్డారు. తర్వాత షాపులో చప్పుడు లేదు. బల్ల మీద తువ్వాలు మడతల్లో ఐసు ఇంకా పూర్తిగా కరగలేదు. ఎర్రజీర కలిసిన నీళ్లు బల్ల అంచు దాకా పాకి, నేల మీదికి బొట్లుబొట్లుగా జారుతున్నాయి.