వచ్చు అనకూడదు

పళ్ల డాక్టరు మీద, అంటే మా ఆయన మీద, నాకున్న మంట ఈరోజుది కాదు. పద్నాలుగేళ్లుగా ఆయన పీకిన పళ్ల నెత్తురు కడుగుతున్నాను. సామాను ఉడకబెట్టేది నేను, రోగులు ఉమ్మే గిన్నె తోమేది నేను. ఆయన కాగితం మీద రెండు ముక్కలు గీకి పంపిస్తే, మనిషిని పక్కగదిలో కూర్చోబెట్టి అర్థమయ్యేలా చెప్పేదీ నేనే. ఒకసారి జీతం మాటెత్తాను. అత్తయ్య మూతి మూడు వంకర్లు తిప్పింది. "మొగుడి దగ్గర కూలికెళ్తావా? వింటే నవ్వుతారు." ఎవరూ నవ్వలేదు. నేనే నవ్వి, వెళ్లి గిన్నె తోముకున్నాను.

పదో తరగతి గట్టెక్కని దాన్ని. అయినా చూడగా చూడగా పని పట్టుబడింది. ఏ పన్ను ఆగుతుందో ఏది ఆగదో ఎక్స్‌రే చూస్తే తెలిసిపోతుంది. మొదట్లో ఉన్నది ఉన్నట్టే చెప్పేదాన్ని. "ఇది చేయించుకోవాలి, అదైతే చేయించుకోవచ్చు, మీ ఇష్టం." ఒకరోజు మా ఆయన తలుపు దగ్గర నిలబడి విన్నారు. "వచ్చు అన్న మాట ఈ ఆసుపత్రిలో వినపడకూడదు. అన్నిటికీ చేయించుకోవాలి అనే చెప్పు. చదువు లేకపోయినా నీకు మెత్తటి గొంతుంది, నువ్వు చెబితే నమ్ముతారు" అన్నారు. సిగ్గులేకుండా, పొగిడారనుకున్నాను. ఇంట్లో మాత్రం వేరేనా? వండాలి, ఉతకాలి, అత్తయ్య కాళ్లు పట్టాలి, ఈ 'చెయ్యాలి'లన్నీ నావి. ఆయన మాత్రం భోజనానికి రావచ్చు, రాకపోవచ్చు, కంచం తోసెయ్యనూవచ్చు.

నిన్న ఒక కుట్టుపనామె వచ్చింది. దవడ వాచిపోయి ఉంది. దారం పంటితో తెంపీ తెంపీ ముందు పళ్లు నాలుగూ అంచులు అరిగిపోయాయి. మా ఆయన కాగితంలో దవడ పన్నుకి రూట్ కెనాల్, పైన తొడుగు రాశారు. వాటితో పాటు ముందు పళ్లు నాలుగింటికీ తొడుగులు రాశారు.

"అన్నీ చేయించుకోవాలా మేడమ్?"

అలవాటు ప్రకారం తలూపాను.

"అయితే రెండో మిషను అమ్మేస్తాను. మా చెల్లి కుట్టేది దాని మీదే. దాన్ని ఎక్కడైనా పాచిపనికి పెడతా, ఏం చేస్తాం." లేవబోయి ఆగింది. "ఒక్క మాట చెప్పండి, మీ పళ్లే అయితే చేయించుకునేవారా?"

నా పళ్లు! కుడివైపు పన్ను విరిగి రెండేళ్లయింది. చెప్పిన ప్రతిసారీ "ఖాళీ చూసుకుని చేద్దాంలే" అంటారు. ఎడమవైపే నములుతాను. రోగులు పడుకునే ఆ కుర్చీని రోజూ తుడుస్తాను, ఒక్కసారి కూడా అందులో కూర్చోలేదు. డాక్టరు పెళ్లాం నోటికి ఈ ఇంట్లో ఉన్న విలువ అది.

"దవడ పన్ను ఒక్కటే ఆగదమ్మా. వదిలేస్తే చీము ఎముకలోకి దిగుతుంది. ముందు పళ్లకి నొప్పి లేదు కదా, అందం కోసమైతే ఎప్పుడైనా చేయించుకోవచ్చు. దారానికి కత్తెర వాడు."

వాచిన దవడతోనే నవ్వింది. "కత్తెర పక్కనే ఉంటుంది మేడమ్. పళ్లే ముందు అందుతాయి."

ఈరోజు పొద్దున ఆ కుట్టుపనామె దవడ పన్ను ఒక్కదానికే తేదీ రాయించుకుందట. "మేడమే చెప్పారు" అందట. మధ్యాహ్నం అన్నం దగ్గర మా ఆయన నా ఫోను తెచ్చి కంచం పక్కన విసిరారు.

"ఆమెకి ఫోన్ చెయ్యి. పొరపాటు చెప్పాను, నాకు చదువు రాదు అను. స్పీకర్ పెట్టు, నేను వినాలి."

"గడ్డి తిన్నది నువ్వు, కక్కాల్సిందీ నువ్వే" అంది అత్తయ్య, వడ్డించమన్నట్టు కంచం ముందుకు జరుపుతూ.

చెయ్యి కడుక్కుని ఫోన్ చేశాను. అవతల మిషను చప్పుడు ఆగింది.

"చెప్పండి మేడమ్!"

"డాక్టరుగారు పక్కనే ఉండి వింటున్నారు. నిన్న నేను చెప్పిందే నిజం. ఒక్క పన్నే. రేపు నేనే మళ్లీ ఫోన్ చేసి ఇంకోలా చెబితే, నమ్మకు. అది నా గొంతే కానీ, మాట నాది కాదు."